నూజివీడు: జమీ నుంచి కళాశాల దాకా

పాఠ్యభాగ ఉద్దేశం

మహనీయుల చరిత్ర అనగానే మనకు ఉద్యమాలు, పోరాటాలు, బిరుదులు స్ఫురిస్తాయి. ఒక చిన్న పట్టణాన్ని అంటిపెట్టుకొని సాగిన జీవితాలు పుస్తకాలకు ఎక్కడం అరుదు. నూజివీడు జమీందారీ కుటుంబంలో జన్మించి, ఆ జమీ తన కళ్లెదుటే రద్దు కాగా, ఆ తరువాత శాసనసభ్యులుగా, రాష్ట్ర మంత్రిగా, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన మేకా రంగయ్య అప్పారావుగారి జీవితాన్ని (1915-2003) ఆయన ఊరితో కలిపి పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం. ఒక ఊళ్లో కళాశాల వెలిస్తే ఆ ఊరిలో ఎవరికి కొత్తగా చదువు అందుతుంది? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠం చదవండి.

పాఠ్యభాగం

కృష్ణా డెల్టాలోని వరిపొలాలను, కాలువలను దాటి ఉత్తరంగా పోతే నేల రంగు మారుతుంది. నల్లరేగడి తరిగి ఎర్రమట్టి మొదలవుతుంది. కాలువ నీరు ఎక్కని ఆ మెట్ట సీమలో వెలసిన పట్టణం నూజివీడు. 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆనాడు ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరింది. నువ్వుచేల నడుమ కోట కట్టడంవల్ల 'నువ్వుచేడు' అనే పేరు వచ్చిందని, అదే క్రమంగా నూజివీడు అయిందని స్థానికులు చెబుతారు. ఊరి పేరుతో రైల్వే స్టేషన్ ఉంది గాని, అది ఊళ్లో లేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. రైలు దిగినవారు అక్కడి నుంచి మళ్లీ రోడ్డు పట్టాలి. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోండి. దూరం అనే మాటకు ఈ పాఠంలో పని ఉంది.

కాలువ రాని చోట వరి పండదు. వేరు లోతుకు దిగి నిలిచే చెట్టు కావాలి. అందుకే ఈ సీమ మామిడికి ఇల్లయింది. మన ప్రాచీన కవులకు మామిడిమీద ఎంత మక్కువో చెప్పనక్కరలేదు. చూతము, మాకందము, రసాలము, సహకారము అని ఎన్నో పేర్లతో దానిని పిలుచుకున్నారు. మన్మథుని పంచబాణాల్లో మామిడిపూవు ఒకటి. ఏ ప్రబంధంలో వసంతవర్ణన తెరిచినా చిగురు మేసిన కోయిల పలకరిస్తుంది. నేను ఆ వర్ణనలను పరిశోధనకోసం ఏళ్ల తరబడి చదివాను. కోయిల లేని తోట ఒక్కటీ కనబడలేదు గాని, రాత్రంతా మేల్కొని తోట కాసిన కాపలాదారు మాత్రం నాకు తారసపడలేదు. సహకారము అనే మాటకు తెలుగులో తోడ్పాటు అనే అర్థం కూడా ఉందని విద్యార్థులు గమనించాలి.

నూజివీడు పేరు చెప్పగానే నోరూరించేది చిన్నరసం. పెద్దరసం, చెరకురసం దాని జ్ఞాతులు. ఇవి కోసి తినే పండ్లు కావు. పండును మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, రసం పీల్చుకోవాలి. పలుచని తోలు, నిండా రసం. ఈ గుణమే దానికి దోషం కూడా. దూరప్రయాణానికి అది ఓర్వదు. తోలు మందంగా, కండ గట్టిగా ఉండే బంగినపల్లి లారీలెక్కి ఉత్తరాది నగరాల దాకా పోతుంది. కలెక్టరు కాయ అని మనవారు పిలిచే తోతాపురి గుజ్జు తీసే పరిశ్రమలకు పోతుంది. రసం మాత్రం ఎక్కువగా దగ్గరి ఊళ్లలోనే అమ్ముడుపోతుంది. దాని రుచి కావాలనుకున్నవారే దాని దగ్గరకు రావాలి.

తోట గలవారి జీవితం పంచాంగంతో కాక పూతతో నడుస్తుంది. మార్గశిర పుష్యాల్లో పూత వస్తుంది. ఆ రోజుల్లో పొగమంచు పట్టినా, తేనెమంచు పురుగు ఆశించినా, బూడిద తెగులు కమ్మినా సంవత్సరపు ఆదాయం రాలిపోయినట్లే. చాలా తోటలు పూతమీదనే బేరమవుతాయి. వ్యాపారి వచ్చి చెట్లను చూసి, ఇంత కాపు వస్తుందని మనసులో లెక్క కట్టి, బయానా ఇస్తాడు. అక్కడి నుంచి మందు కొట్టించడం, కాపలా పెట్టించడం సాధారణంగా అతని వంతు. చైత్ర వైశాఖాల్లో ఒక్క గాలివాన వస్తే ఆ లెక్క తారుమారవుతుంది. రాలిన పచ్చికాయ పచ్చడికే పనికి వస్తుంది, అదీ చౌకగా. కాయ నిలిస్తే కూలీలు చిక్కం కట్టిన గడలతో కోసి, గంపల్లోకి దించి, వరిగడ్డి పరచి ముగ్గవేస్తారు. విజయవాడ సమీపాన ఉన్న నున్న మార్కెట్టుకు బండ్లు బారులు తీరుతాయి. నెలన్నర, రెండు నెలల్లో అంతా ముగుస్తుంది. మిగిలిన పది నెలలూ ఆ రెండు నెలల సొమ్మే తినాలి.

ఇటువంటి సీమను ఏలినవారు మేకా వంశపు జమీందారులు. మద్రాసు రాజధానిలో 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం తరువాత జమీందారు కంపెనీ ప్రభుత్వానికి ఏటా నిర్ణీతమైన పేష్కషు చెల్లించాలి. రైతుల నుంచి శిస్తు వసూలు చేసుకోవాలి. ఈ రెంటికీ నడుమ మిగిలినదే జమీందారు ఐశ్వర్యం. నూజివీడు వంశంలో పంపకాల తగాదా లండను నగరంలోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్లింది. ఆ జమీ అన్నదమ్ములు పంచుకోదగినదేనని 1880లో తీర్పు వచ్చింది. ఒక్కటిగా ఉన్న సంస్థానం ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు వంటి శాఖలుగా చీలింది. వీటిలో మీర్జాపురం రాజావారు సినిమా రంగంలోకి వెళ్లి శోభనాచల స్టూడియోను నడిపారు. నూజివీడు చేరువన ఆగిరిపల్లిలో నరసింహస్వామి వెలసిన కొండ పేరే శోభనాచలం. ఆ రాజావారి అర్ధాంగి, నటి కృష్ణవేణి నిర్మించిన 'మనదేశం' (1949) చిత్రంతోనే నందమూరి తారక రామారావు తెరకు పరిచయమయ్యారు. ఇది ప్రసక్తానుప్రసక్తం. ఒక వంశవృక్షం కొమ్మలు ఎటెటు పాకాయో చూపడానికి చెప్పాను.

ఈ వంశంలో 1915లో రంగయ్య అప్పారావుగారు జన్మించారు. ఆయన ఇరవైలలో ఉండగానే జమీందారీల పునాదులు కదలసాగాయి. ఆంధ్రదేశంలో రైతు సంఘాలు బలపడ్డాయి. 1937లో మద్రాసులో ఏర్పడిన కాంగ్రెసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి అయిన టంగుటూరి ప్రకాశంగారి అధ్యక్షతన జమీందారీ ప్రాంతాల పరిస్థితులపై విచారణ సంఘం ఏర్పడింది. నేలకు నిజమైన హక్కుదారు రైతేనని ఆ సంఘం 1938లో తేల్చి చెప్పింది. పది సంవత్సరాలకు, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం వచ్చింది. జమీలను ప్రభుత్వం స్వాధీనం చేసుకొంది. రైతులకు నేరుగా పట్టాలు దక్కాయి. జమీందారులకు నష్టపరిహారమూ, సొంత సాగుభూములూ మిగిలాయి. అప్పటికి అప్పారావుగారి వయస్సు 33 సంవత్సరాలు.

ముప్పై మూడేండ్ల మనిషికి పుట్టుకతో వచ్చిన పదవి పోయింది. ముందు ఎంతో జీవితం ఉంది. ఆ కాలంలో జమీ పోగొట్టుకొన్న కుటుంబాలు తలా ఒక దారి పట్టాయి. కొందరు మద్రాసు బంగళాలలో స్థిరపడ్డారు. కొందరు వ్యాపారాలలో దిగారు. కొందరు దావాలతో, గతవైభవ స్మరణతో కాలం వెళ్లబుచ్చారు. అప్పారావుగారు ఎన్నికల దారి పట్టారు. నిన్నటిదాకా ఎవరి నుంచి శిస్తు వసూలు చేసుకొన్నదో ఆ కుటుంబం, ఆ రైతుల ముందుకే వెళ్లి ఓటు అడగవలసి వచ్చింది. ఈ మార్పు చెప్పుకోవడానికి సులువే గాని, అనుభవించడానికి అంత సులువు కాదు. దివాణంలో కూర్చున్నవారి దగ్గరకు రైతు చేతులు కట్టుకొని రావడం ఒక పద్ధతి. రైతు అరుగుమీదకు తాము వెళ్లి కూర్చోవడం మరొక పద్ధతి. నూజివీడు ప్రజలు ఆయనను ఒకటికంటె ఎక్కువసార్లు శాసనసభకు పంపారు. 1960లలో ఆయన రాష్ట్ర మంత్రిగానూ పనిచేశారు. పాత పలుకుబడివల్లనే గెలిచారని అనేవారు ఉండవచ్చు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఓటరు చేతిలో చీటీ ఉన్నంతవరకు పాత పలుకుబడి ఒక్కటే చాలదు.

మంత్రిపదవులు చాలామంది చేశారు. నూజివీడు ఆయనను తలచుకొనేది అందుకు కాదు, కళాశాలకు. వంశంలోని ధర్మా అప్పారావు పేరిట నూజివీడులో డిగ్రీ కళాశాల వెలసింది. దాని స్థాపనకు మూలపురుషులు రంగయ్య అప్పారావుగారు.

అంతకుముందు ఈ ప్రాంతపు విద్యార్థి పైచదువుకు ఎక్కడికి వెళ్లేవాడు? మచిలీపట్నంలో 1843 నుంచి నోబుల్ కళాశాల, 1928 నుంచి హిందూ కళాశాల ఉన్నాయి. బెజవాడలో 1937లో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, ఏలూరులో 1945లో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల ఏర్పడ్డాయి. అన్నీ మంచి పేరున్న విద్యాసంస్థలే. కాని నూజివీడు నుంచి ఏ ఒక్కటీ నడిచిపోయే దూరంలో లేదు. రైలు ఊళ్లోకి రాదు. అంటే బెజవాడలోనో బందరులోనో గది అద్దెకు తీసుకోవాలి. లేదా బంధువుల ఇంట చేరాలి. లేదా వారాలు చేసుకొని చదువుకోవాలి. ఆ ఖర్చు భరించగలిగినవారి కొడుకులు వెళ్లారు. భరించలేనివారి కొడుకులు పదవ తరగతితోనో, అంతకుముందో ఆగిపోయి తోటలో కాపలాకు, దుకాణంలో పద్దులకు కుదురుకొన్నారు.

కూతుళ్ల మాటేమిటి? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ రోజుల్లో డబ్బుండి కూడా ఆడపిల్లను పరాయి ఊళ్లో ఉంచి చదివించడానికి ఒప్పుకొన్న తల్లిదండ్రులు తక్కువ. మగపిల్లవాడికి దూరం అంటే ఖర్చు. ఆడపిల్లకు దూరం అంటే నిషేధం. ఉదయం ఇంట్లో అన్నం తిని వెళ్లి, దీపాలవేళకు ఇంటికి చేరే దూరంలో కళాశాల ఉంటేనే ఆమెకు డిగ్రీ అనే మాట వినబడుతుంది. పట్టణంలోని పెద్ద కళాశాలకన్న ఊళ్లోని సామాన్యమైన కళాశాల ఈ విషయంలో ఎక్కువ పని చేస్తుంది. నేను పాఠం చెప్పే తరగతుల్లో "మీ ఇంట్లో కళాశాలలో అడుగుపెట్టిన మొదటి ఆడపిల్ల ఎవరు?" అని అడుగుతూ ఉంటాను. "నేనే" అని లేచి నిలబడేవారు ఈనాటికీ ఉన్నారు. ఆ కళాశాల ఎంత దూరమని అడిగితే, జవాబు చాలాసార్లు ఒక్కటే: "బస్సుకు అరగంటండి."

ఇంకొక సంగతి. ఏప్రిల్, మే నెలల్లో కాయ అమ్ముడుపోతుంది. జూన్‌లో కళాశాలలు తెరుస్తారు. తోట గల కుటుంబానికి చేతిలో డబ్బు ఆడే కాలమూ, రుసుము కట్టవలసిన కాలమూ వెంటవెంటనే వస్తాయి. కాపు బాగున్న ఏడు రెండో పిల్లను కూడా కళాశాలలో చేర్చడానికి ధైర్యం చేస్తారు. గాలివాన కొట్టిన ఏడు, ముందుగా ఆగిపోయేది ఆమె చదువే. చెట్టుకు పూత నిలవడానికీ, పిల్లకు చదువు నిలవడానికీ ఉన్న ఈ సంబంధాన్ని ఏ ప్రబంధకవీ వర్ణించలేదు.

1974లో అప్పారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని చేపట్టి, 1980 వరకు నిర్వహించారు. 1926లో బెజవాడ కేంద్రంగా ప్రారంభమై, తరువాత విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలిన ఆ విద్యాపీఠాన్ని అంతకుముందు కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటి ఉద్దండులు నడిపారు. వారు పాండిత్యంతో ఆ పీఠాన్ని అధిరోహించినవారు. అప్పారావుగారు ప్రజాజీవితం నుంచి వచ్చినవారు. విశ్వవిద్యాలయానికి రాజకీయాల నుంచి వచ్చిన వ్యక్తి తగునా అనే ప్రశ్న అప్పుడూ ఉండదగినదే, ఇప్పుడూ ఉండదగినదే. నా మటుకు నాకు ఆ ప్రశ్న సబబైనదే అనిపిస్తుంది. అయితే కాలాన్ని కూడా చూడాలి. 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో కోస్తా జిల్లాల కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. చదువులు వెనకబడిన తరం తరగతులకు తిరిగి వచ్చిన రోజులవి. మరుసటి సంవత్సరమే, 1975లో, దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. అటువంటి ఆరేండ్లు ఉపకులపతిగా ఉండడం పూలపాన్పు కాదు.

ఆ కాలంలోనే ఒక విశేషం జరిగింది. గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉన్న స్నాతకోత్తర కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంగా వేరుపడింది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల కళాశాలలు కొత్త విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లాయి. అంటే, తాను ఉపకులపతిగా ఉన్న విశ్వవిద్యాలయం నుంచి తన సొంత ఊరి సీమే విడిపోయింది. తాతల నాడు జమీ విడిపోయినప్పుడు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. ఈ విభజనలో మాత్రం పోగొట్టుకొన్నది అధికార పరిధి. దక్కినది నూజివీడు పిల్లలకు దగ్గరైన విశ్వవిద్యాలయం. వాల్తేరుకన్న గుంటూరు ఎంత దగ్గరో పటం చూస్తే తెలుస్తుంది.

నూజివీడులోని స్నాతకోత్తర కేంద్రం ఆయన పేరిటే నడిచింది. మొదట నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండి, 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని పరిధిలోకి వెళ్లింది. ఆ మార్పు చూడడానికి ఆయన లేరు. 2003లో కన్నుమూశారు. 2008లోనే నూజివీడులో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం ప్రారంభమైంది. జనం నోట అది 'ట్రిపుల్ ఐటీ'. గ్రామీణ విద్యార్థులను పదవ తరగతి మార్కులతో చేర్చుకొని, ఆరేండ్లపాటు అక్కడే ఉంచి ఇంజనీరింగు చదివించడం దాని పద్ధతి. ఒకనాడు చదువుకోసం ఊరు విడిచి వెళ్లిన సీమకు నేడు ఇతర జిల్లాల పిల్లలు పెట్టెలు సర్దుకొని వస్తున్నారు.

ఇక్కడ ఒక చర్చ చేయకుండా ముందుకు సాగడం న్యాయం కాదు. జమీందారీ కుటుంబం కళాశాల పెట్టడాన్ని దానమనాలా, ఋణం తీర్చుకోవడమనాలా? సంస్థానపు సొమ్ము ఎక్కడిది? ఎర్రనేలలో చెమటోడ్చిన రైతు కట్టిన శిస్తుది. పంట పోయిన ఏడు కూడా కట్టిన శిస్తుది. ఆ రీతిగా చూస్తే కళాశాల గోడల్లో ఆ రైతు వాటా ముందే ఉంది. కాబట్టి ఆయనను ఆకాశానికెత్తి దాతృత్వ వర్ణన చేయడం నాకు ఇష్టం లేదు. అయితే ఋణపడినవారందరూ తీర్చలేదన్న సంగతి కూడా అంతే నిజం. మేడలు కట్టుకొన్నవారున్నారు. పందేలలో పోగొట్టినవారున్నారు. తీర్చవలసినవాడు తీర్చినప్పుడు, దానికి దానమని పేరు పెట్టకపోయినా, తీర్చాడని చెప్పడం చరిత్రకారుని ధర్మం.

ఆ సేవ ఆయన ఒక్కరిదే అనుకోవడం కూడా పొరపాటు. కళాశాల నిలవాలంటే ఏటేటా పాఠాలు చెప్పి తలలు నెరసిన అధ్యాపకులుండాలి. ఉదయం తలుపులు తీసే నౌకరుండాలి. తన ఆడపిల్లను మొదటిసారి బస్సెక్కించిన తండ్రి, అందుకు చుట్టాల మాటలు పడ్డ తల్లి ఉండాలి. ఈ ఊళ్లోనే పనసకర్రను నెలల తరబడి చెక్కి వీణలు చేసే పనివారున్నారు. నూజివీడు వీణకు సంగీతలోకంలో పేరుంది. కచేరీలో చప్పట్లు వైణికునికి దక్కుతాయి. కర్రను ఎండబెట్టి, తొలిచి, మెట్లు అమర్చిన చేయి సభలో కనబడదు. కళాశాలల విషయంలోనూ అంతే.

ఇప్పుడు ఆ తోటల సంగతి. ఇటీవలి సంవత్సరాల్లో నూజివీడు పరిసరాల్లో పాత మామిడితోటలు తరిగిపోతున్నాయి. పూత నిలవక, ధర పలకక, కూలి గిట్టక, రైతులు చెట్లు కొట్టించి పామాయిల్ వేస్తున్నారు. మొక్కజొన్న వేస్తున్నారు. ఊరి అంచున ఉన్న తోటలు ఇళ్లస్థలాలవుతున్నాయి. తాత నాటిన చెట్టును మనుమడు కొట్టించాడని నిందించడం తేలిక. ఆ మనుమడు కళాశాలలో చదివి, లెక్క నేర్చి, ఎకరానికి ఎంత వస్తుందో వేసి చూసుకొన్నాడు. చదువు ఆ పని కూడా చేస్తుంది. మరికొందరు, చదివినవారే, ముదిరిన చెట్ల కొమ్మలను నరికించి కొత్త చిగురు తెప్పించే పద్ధతిని పాటించి, పాత తోటను మళ్లీ కాపుకు తెస్తున్నారు. కొమ్మ కొట్టిన తరువాత కాపు చూడాలంటే రెండుమూడు సంవత్సరాలు ఓపిక పట్టాలి.

మీ వార్షిక పరీక్షలు ముగిసేనాటికి అక్కడ కాయ కోతకు వస్తుంది. జూన్ వచ్చేసరికి చివరి కలెక్టరు కాయల లారీ ఊరు దాటుతుంది. గంపలు కడిగి బోర్లిస్తారు. తోటలో గుడిసె ఖాళీ అవుతుంది. ఆ వారమే కళాశాలలో మొదటి సంవత్సరం ప్రవేశాలకు దరఖాస్తులు తీసుకొంటారు. వరుసలో నిలబడ్డవారిలో ఆ గుడిసెలో కాపలా ఉన్నవాని కూతురు కూడా ఉంటుంది.

అభ్యాసం

1948 నాటి చట్టం నూజివీడు జమీందారుకూ రైతుకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఏ విధంగా మార్చింది? మీ మాటల్లో రాయండి.

"మగపిల్లవాడికి దూరం అంటే ఖర్చు. ఆడపిల్లకు దూరం అంటే నిషేధం." మీ కుటుంబంలో అమ్మమ్మను గాని, నాయనమ్మను గాని, మేనత్తను గాని అడిగి, వారి చదువు ఎక్కడ ఆగిందో, అప్పటికి దగ్గరి కళాశాల ఎంత దూరంలో ఉండేదో తెలుసుకొని ఒక పుట రాయండి.

కళాశాల స్థాపనను దానమనాలా, ఋణవిమోచనమనాలా? పాఠంలోని రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో చర్చించండి.